రాయని మోకాలు

పద్దెనిమిది జట్ల ఫుట్‌బాల్ లీగ్‌లో మాది పదిహేనో స్థానం. అట్టడుగున ఉన్న మూడు జట్లు కింది లీగ్‌కి దిగిపోయాయి, మేం మిగిలిపోయాం. అదేదో మా ప్రతాపం అనుకునేరు. ఆఖరి మ్యాచ్‌లో మేం మూడు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడాం. మా వెనకున్నవాళ్ళు మాకంటే దరిద్రంగా ఓడారు, అంతే. అయినా మావాళ్ళు డ్రెస్సింగ్ రూమ్‌లో కప్పు గెలిచినంత గోల చేశారు. నీళ్ళ సీసాలు విప్పి ఒకరి నెత్తిన ఒకరు పోసుకున్నారు. సిగ్గు లేని గుంపు అని పైకే తిట్టుకుంటూ నా గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ జట్టుకి నేను ఫిజియోని. వాళ్ళ కాళ్ళు నాకు తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియవు.

వారం తిరక్కుండానే యజమాని ఒక కొత్త మనిషిని తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టాడు. జట్టును మళ్ళీ మొదటినుంచి కట్టడానికట. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కుర్చీలో కూర్చోడు, బల్ల చివర నిలబడే మాట్లాడతాడు. ఎవడి మొహంలోకీ చూడడు, చేతిలో ఉన్న కాగితంలోకే చూస్తాడు. రెండో రోజుకల్లా ఆటగాళ్ళు అతనికి కత్తెర అని పేరు పెట్టేశారు. నాకైతే ఆ పేరు కూడా మర్యాదగానే తోచింది.

మొదటి మీటింగ్‌లో కోచ్ తన పాత పాటే పాడాడు. గోల్ కొట్టేవాడు ఒక్కడు దొరికితే చాలు, మిగతాదంతా అదే సర్దుకుంటుందన్నాడు. మూడేళ్ళుగా ఏటా ఇదే మాట, ఏటా ఒక కొత్త స్ట్రైకర్. వచ్చినవాడల్లా బంతి తన దాకా రాక, అవతలి గోల్‌కీపర్‌తో కబుర్లు చెప్పుకుంటూ సీజన్ గడిపి వెళ్ళిపోయాడు. కత్తెర అంతా ఓపిగ్గా విన్నాడు. విని, పోయిన సీజన్ ముప్పై నాలుగు మ్యాచ్‌ల్లో మన వెనక వరసని ఎన్నిసార్లు మార్చామో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఇరవై రెండు సార్లట. నలుగురు డిఫెండర్లూ, వాళ్ళ ముందు ఆడే మిడ్‌ఫీల్డరూ, ఆ ఐదుగురే వరసగా మూడు మ్యాచ్‌లు కలిసి ఆడింది ఒక్కసారి కూడా లేదట. రోజూ మైదానంలో కనపడనివాడు ఎంత మొనగాడైతే మనకెందుకు, ముందు నిలబడేవాళ్ళెవరో తేల్చుకుందాం, కొనడం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. నిలబడేవాళ్ళు దొరికితే వాళ్ళ చుట్టూ జట్టు కట్టుకోవచ్చు, దొరక్కపోతే పైనుంచి ఎవడిని తెచ్చి పెట్టినా దండగే అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది. అతను నావైపు తిరిగి, అంటే నా పేరున్న కాగితం వైపు తిరిగి, నా పుస్తకం కావాలన్నాడు.

పుస్తకం సంగతి చెప్పాలి. నా బల్ల ఎక్కిన ప్రతివాడికీ అందులో ఒక లైన్ పడుతుంది. తేదీ, ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు ఆటకి దూరం. మనిషికో పేజీ. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేనొక ఉపన్యాసం ఇస్తాను. నా దగ్గర ఏదీ దాచకండి, చిన్నగా ఉన్నప్పుడే చెప్తే మూడు రోజుల్లో పోయేది, దాస్తే మూడు నెలలు కూర్చోబెడుతుంది అంటాను. అందరూ బుద్ధిగా తలూపుతారు, ఆ తర్వాత అందరూ దాస్తారు. కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాడైతే ఎముక విరిగినా నవ్వుతూ నడుస్తాడు. ఈ పదకొండేళ్ళలో నా మాట నూటికి నూరుపాళ్ళు నమ్మినవాడు ఒక్కడే. వాడు చీమ.

చీమ డిఫెండర్ల ముందు ఆడే మిడ్‌ఫీల్డర్. పొట్టివాడు. కాలికి బలపం కట్టుకున్నట్టు మైదానమంతా తిరుగుతూనే ఉంటాడు, అందుకే ఆ పేరు. ఇరవై ఎనిమిదేళ్ళు. పిక్క పట్టేసినా వచ్చి చెప్పేవాడు, బొటనవేలు వాచినా వచ్చి చెప్పేవాడు. నేను ఒక లైన్ రాసి రెండు రోజులు ఆపేవాడిని, మూడో రోజు మళ్ళీ పరుగు మొదలు. అలా మూడు సీజన్లలో అతని పేజీ నిండిపోయి వెనక వైపుకి పాకింది. నలభై ఒక్క లైన్లు. మా కెప్టెన్ పేజీలో రెండే లైన్లు, అందులో ఒకటి జలుబు.

ఆ కెప్టెన్ నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. వెనక వరస మధ్యలో ఆడే డిఫెండర్, మనిషి తలుపంత ఉంటాడు. అభిమానులు కోట అని పిలుస్తారు. ఆ కోటకి కుడి మోకాలు లేదని నాకూ మా ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. మూడేళ్ళ కిందట లోపల కార్టిలేజ్ చిరిగింది. ఆపరేషన్ చేయించుకుంటే ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవాలి. అప్పుడు వాడికి కాంట్రాక్ట్ ఆఖరి ఏడాది. వాడు పోయి అక్క కొంగు పట్టుకున్నాడు, అక్క వచ్చి నా ప్రాణం పట్టుకుంది. ఒక్క ఏడాది రాయకండి, సంతకం కాగానే వాడే చెప్పుకుంటాడు అంది. నేను సరేనన్నాను.

సంతకం అయింది, వాడు చెప్పుకోలేదు. ఒక ఏడాది మూడేళ్ళయింది. క్లబ్‌లో నా బల్ల ఎక్కేవాడు కాదు. రోజు విడిచి రోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, హాల్లో మంచం మీద కాలు చాపుకుని ఫోన్ చూసుకుంటూ పడుకునేవాడు. నీరు పట్టిన మోకాలికి ఐస్ పెట్టి, తొడ కండరాన్ని దారిలోకి తెచ్చి, పట్టీ బిగించి పంపేవాడిని. ప్రాక్టీస్ గట్టిగా ఉన్న రోజుల్లో వాడు కోచ్‌కి ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాడు. కొన్నిసార్లు ఆ సాకు నేనే అల్లి ఇచ్చాను. మా ఆవిడ మా ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చేది. ముగ్గురం కలిసి చేస్తున్న పని పేరేమిటో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

పుస్తకం తీసుకెళ్ళిన నాలుగో రోజున కత్తెర తన జాబితా చదివాడు. గదిలో కోచ్, నేను, మా బావమరిది. కెప్టెన్‌ని ప్రత్యేకంగా పిలిపించింది ఎందుకంటే, కొత్త జట్టంతా అతని చుట్టూనే కడతారట. మూడు సీజన్లలో ఒక చిన్న దెబ్బ, ఒక జలుబు, ఇలాంటి మనిషి ఈ లీగ్‌లోనే లేడు అన్నాడు కత్తెర. నాలుగేళ్ళ కాంట్రాక్ట్. కొత్తవాళ్ళని తెచ్చేటప్పుడు అతని మాటకి కూడా విలువ ఉంటుంది. మా బావమరిది వినయంగా తల దించుకున్నాడు. నేను వాడి కుడి మోకాలి వైపు చూశాను.

తర్వాత పోవలసినవాళ్ళ పేర్లు. తొమ్మిది మంది. అందులో ఆరుగురిని నేనైనా రెండేళ్ళ కిందటే సాగనంపేవాడిని; ఒకడు ఆట కంటే జుట్టు మీద శ్రద్ధ ఎక్కువున్నవాడు, ఇంకొకడు ప్రతి ఓటమికీ గడ్డిని తప్పుపట్టేవాడు. ఏడో పేరు చీమ. కత్తెర ఆ పేజీని పెన్సిల్‌తో తట్టి, ఇది మనిషి కాదు గాజు బొమ్మ అన్నాడు. ఆడిన రోజు బాగానే ఆడతాడని కోచ్ కాస్త నసిగాడు. కత్తెర మా బావమరిదిని అడిగాడు, పక్కనే ఆడేవారు కదా, మీరేమంటారు అని.

"మంచివాడే సార్. కాకపోతే మైదానంలో కంటే ఫిజియో గారి బల్ల మీదే ఎక్కువ కనపడతాడు" అన్నాడు మా బావమరిది.

కోచ్ నవ్వాడు. నేను నవ్వలేదు, అలాగని నోరూ తెరవలేదు. సంతకాలు వచ్చే సోమవారం అని చెప్పి కత్తెర పుస్తకం నా చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం నా గదిలో పాత మ్యాచ్‌ల వీడియోలు పెట్టుకుని, పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. ఎందుకు చూడాలనిపించిందో తెలియదు, ఆ ఎగతాళి చెవిలో గింగురుమంటూనే ఉంది. మా బావమరిది కుడివైపుకి తిరగలేడు. తిరగాల్సి వస్తే ముందు రెండడుగులు వెనక్కి వేసి, ఓడని తిప్పినట్టు తిరుగుతాడు. ఆ సంగతి అవతలి జట్లకి ఎప్పుడో తెలిసిపోయింది. ప్రతివాడూ బంతిని అతని కుడి భుజం మీదుగానే వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ మైదానం మధ్యలోంచి ఒక పొట్టివాడు ప్రాణం పెట్టి పరిగెత్తుకొచ్చి ఆ ఖాళీని పూడుస్తున్నాడు. ఒక్కో మ్యాచ్‌లో పదిసార్లు, పదిహేనుసార్లు. తను చేయాల్సిన పని తను చేస్తూనే, తలుపంత మనిషి చేయలేని పని కూడా తనే చేస్తున్నాడు.

తేదీలు సరిచూశాను. మా బావమరిది మోకాలికి నీరు బాగా పట్టిన వారాలు నాకు గుర్తే, ఐస్ మోసినవాడిని నేనే. ఆ వారాల్లోనే చీమ తొడ పట్టేసింది, పిక్క చిట్లింది, చీలమండ మడతపడింది. నలభై ఒక్క లైన్లలో సగానికి పైగా మా బావమరిదివే. చీమ పడిపోయిన రోజున అతని పని పక్క డిఫెండర్ల మీద పడింది, వాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు పడ్డారు. ఇరవై రెండు సార్లు వరస ఎందుకు మారిందో నాకు అప్పుడు తెలిసింది. నేను ఒక మోకాలు దాచినందుకు జట్టు మొత్తం కుంటింది.

రెండు రోజుల తర్వాత చీమ నా గదికొచ్చాడు. బల్ల ఎక్కలేదు, కుర్చీలోనూ కూర్చోలేదు. తన పేజీ నకలు కావాలన్నాడు. రెండు క్లబ్బులవాళ్ళు ఫోన్ చేశారట, కత్తెర ఇచ్చిన పేజీ ఫోటో పంపితే చూసి మళ్ళీ చేయలేదట. మూడో క్లబ్ అడుగుతోంది, నకలు మీద నా సంతకం ఉండాలంటోంది. ఈ పేజీ చూశాక నన్నెవరూ తీసుకోరు సార్, ఇరవై ఎనిమిదేళ్ళకి నా ఆట అయిపోయింది, ఇంకో పని నాకు చేతకాదు అని మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"దాచొద్దన్నారు మీరు, నేను దాచలేదు. దాచినవాళ్ళంతా ఉన్నారు, నేను పోతున్నాను. తప్పెవరిదో మీరే చెప్పండి."

నాకు సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే కోపం వస్తుంది. నీ కాళ్ళు నేనేమైనా విరగ్గొట్టానా, నన్నడుగుతావేంటి అని కసిరాను. అతను నకలు తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఆ థాంక్స్ చెంప మీద కొట్టినట్టుంది.

శనివారం మధ్యాహ్నం మా బావమరిది మామూలుగా వచ్చి మంచం మీద కాలు చాపాడు. నేను ఐస్ తేలేదు. సోమవారం లోపు నువ్వే పోయి చెప్పు, లేకపోతే నేను చెప్తాను అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. చీమ సంగతి చెప్పాను, వీడియోల సంగతి చెప్పాను. చీమ పరిగెత్తేది జట్టు కోసం, అది వాడి పని, దానికి నేనేం చేయను అన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి లేచి కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు:

"చెప్తే ఇద్దరం పోతాం బావా. మోకాలు నాదే, పుస్తకం నీది. మూడేళ్ళు రాయకుండా కూర్చున్న చెయ్యి నీది."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆవిడ లోపలికొచ్చింది. పరాయివాడి కోసం నా తమ్ముడి పొట్ట కొడతారా అంది. చీమ పొట్ట ఇప్పటికే మనం ముగ్గురం కలిసి కొట్టామన్నాను. ఆమె వినే స్థితిలో లేదు. ఆ మాట మీ నోట్లోంచి బయటికొస్తే ఇక ఈ ఇంట్లో మీతో మాట్లాడేవాళ్ళుండరు అంది. మా ఆవిడ ఇలాంటి శపథాలు ఇంతకుముందు చాలా చేసింది, ఒక్కటీ పూట కూడా నిలబడలేదు. ఈసారిది నిలబడింది.

ఆదివారమంతా నేను నోరు మూసుకోవడానికి కారణాలు వెతుక్కున్నాను. దొరికాయి కూడా. నా ఉద్యోగం, నా వయసు, ఇంట్లో ప్రశాంతత. న్యాయం కోసం మంటల్లో దూకే రకం కాదు నేను. నిజం చెప్పాలంటే నన్ను లేపి నిలబెట్టింది న్యాయం కాదు, బల్ల మీదే ఎక్కువ కనపడతాడు అన్న ఆ మాట. ఎవడి వల్ల అతను ఆ బల్ల ఎక్కాడో వాడే ఆ మాట అనడం నాకు మింగుడుపడలేదు.

సోమవారం కత్తెర గదిలో అంతా సిద్ధంగా ఉంది. కాంట్రాక్ట్ కాగితాలు, కొత్త చొక్కాలో మా బావమరిది, మూలన ఫోటోలు తీసేవాడు, గోడకి ఆనుకుని కోచ్. నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"సంతకం ఆపండి. ఈయన కుడి మోకాలు చెడిపోయి మూడేళ్ళయింది. నేనే రాయలేదు" అన్నాను.

కత్తెర మొదటిసారి కాగితం మీంచి తలెత్తి నా మొహంలోకి చూశాడు. మా బావమరిది ఏమాత్రం తొణక్కుండా నవ్వాడు. ఇంట్లో అక్కతో గొడవపడ్డారు సార్, ఆ కోపం నా మీద తీర్చుకుంటున్నారు అన్నాడు. అంత నున్నగా అబద్ధమాడటం మైదానంలో వచ్చుంటే మేం పదిహేనో స్థానంలో ఉండేవాళ్ళం కాదు. నేను వాదించలేదు. కుడి కాలు ఒక్కదాని మీదే నిలబడి, ఒక్కసారి కిందకి కూర్చుని లేవమనండి, లేస్తే నేను అబద్ధాలకోరుని అన్నాను.

కత్తెర పెన్సిల్ కింద పెట్టి మా బావమరిది వైపు తిరిగాడు. మా బావమరిదికి తప్పలేదు. ఎడమ కాలు ఎత్తి, కిందకి వంగాడు. సగం దాకా దిగాడో లేదో మోకాలు లోపలికి మడుచుకుంది, చెయ్యి పోయి బల్లకి కొట్టుకుంది, కాగితాలు చెదిరాయి. ఫోటోలు తీసేవాడు మొహం తిప్పుకున్నాడు. మా బావమరిది మళ్ళీ లేచి నిలబడటానికి నా చెయ్యే పట్టుకోవాల్సి వచ్చింది, దగ్గరలో ఉన్నది నేనే మరి. లేచాక ఆ చేతిని విదిలించి కొట్టాడు. నువ్వు మనిషివి కాదు బావా అని, తలుపు కూడా వేయకుండా వెళ్ళిపోయాడు. వాడికి నడక నేర్పిన రోజులు నాకు తెలియవు గానీ, ఆ మూడేళ్ళూ వాడిని నడిపించింది నేనే. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

ఇంకెంతమందివి దాచారు అని కత్తెర అడిగాడు. ఒక్కడిదే అన్నాను. వీడియోలు పెట్టి చూపించాను. అతను గంటసేపు చూశాడు. ఆ పొట్టివాడు పరిగెత్తిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టుకున్నాడు. తర్వాత జాబితాలో కెప్టెన్ పేరు కొట్టేశాడు. చీమ పేరు మాత్రం పోవలసినవాళ్ళ జాబితాలోంచి పూర్తిగా తీయలేదు. ఆరు వారాల ప్రాక్టీస్‌కి పిలుస్తానన్నాడు. ఆరు వారాలూ రోజూ మైదానంలో కనపడితే ఆఖరి శుక్రవారం సంతకం, పుస్తకంలో ఒక్క లైన్ పడినా ఇంటికి. నా ఉద్యోగం ఉంచాడు. కాకపోతే ఏ రోజు రాసింది ఆ రోజు సాయంత్రానికి అతని బల్ల మీదకి చేరాలి.

ఇలా పెడితే మీకు దొరికేది దెబ్బలు తగలని జట్టు కాదు, దెబ్బలు చెప్పని జట్టు అన్నాను. చెప్పించడం మీ పని అన్నాడు కత్తెర.

కొత్త సీజన్ ప్రాక్టీస్ మొదలైంది. స్ట్రైకర్ రాలేదని కోచ్ మొహం మాడ్చుకున్నాడు, కానీ చురుగ్గా ఎటంటే అటు తిరిగే డిఫెండర్లు ఇద్దరు వచ్చారు. వాళ్ళ ముందు చీమ సగం పరుగుతోనే రెట్టింపు ఆట ఆడుతున్నాడు. బంతి ఎప్పుడూ లేనంతగా ముందుకి పోతోంది. జట్టు నిజంగానే నిలబడుతోంది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాకపోయినా. మా బావమరిది ఆపరేషన్ చేయించుకున్నాడు. మా ఆవిడ రోజూ వాళ్ళింటికి పోయి వస్తోంది, నాకు చెప్పాల్సినవి గోడకి చెప్తోంది.

నా గది మాత్రం బోసిపోయింది. కొత్తవాళ్ళకి ఉపన్యాసం ఇచ్చాను, నేల చూపులు చూశారు. సొంత బావమరిదినే పట్టించినవాడు మనల్ని వదుల్తాడా అని వరండాలో ఎవరో అంటుంటే విన్నాను. ఇరవై నాలుగు మంది, ఐదు వారాలు, పుస్తకంలో పడినవి నాలుగు లైన్లు. అందులో రెండు గోల్‌కీపర్ పంటి నొప్పి. ఐదు వారాల ప్రాక్టీస్‌లో ఎవరికీ ఏమీ కాలేదంటే నమ్మడానికి నేను కత్తెరని కాను.

ఆరో వారం సోమవారం ఉదయం ప్రాక్టీస్‌లో ఒక కొత్త డిఫెండర్ బంతికి ఎగిరి చీమ పాదం మీద దిగాడు. చీమ పడి, లేచి, నవ్వి, వాడి భుజం తట్టి ఆడుతూనే ఉన్నాడు. నేను గీత అవతల నిలబడి చూశాను. చివరి అరగంట అతను ఎడమ కాలితో ఒక్క బంతి కూడా తన్నలేదు.

అందరూ వెళ్ళిపోయాక నా గదికొచ్చి తలుపు గడియ పెట్టాడు. ఏం లేదు సార్, ఊరికే టేపు వేయండి అంటూ బల్ల ఎక్కాడు. మేజోడు తీస్తే చీలమండ బయటి వైపు కోడిగుడ్డంత వాచి ఉంది. వేలితో నొక్కాను. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. ఇంకాస్త నొక్కాను. లేదన్నాడు, కానీ కాలివేళ్ళు ముడుచుకుపోయాయి, నుదుటి మీద చెమట పోసింది. మూడేళ్ళలో అతను నాకు చెప్పిన మొదటి అబద్ధం అది.

పది రోజులు పడుతుంది, నేల మీద ఆన్చకూడదు అన్నాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. నాలుగు రోజులు సార్, శుక్రవారం సంతకం అయిపోతుంది, ఆ తర్వాత నేనే పోయి చెప్పుకుంటాను అన్నాడు. గట్టిగా టేపు బిగిస్తే నాలుగు రోజులు ఆడగలడని నాకూ తెలుసు. ఆడితే చీలమండని పట్టి ఉంచే లిగమెంట్ తెగుతుందనీ తెలుసు, తెగేలోపు అతను పరిగెత్తలేని పరుగు ఇంకెవడి మీద పడుతుందో కూడా తెలుసు. ఇతన్ని ఈ జట్టులోకి తిరిగి తెచ్చింది నేను. అందుకు నా ఇంట్లో నాకు మాట లేకుండా పోయింది. నాకు అతని మీద కోపం వచ్చింది, కత్తెర మీద వచ్చింది, అందరికంటే ఎక్కువగా ఆ బల్ల పక్కన నిలబడి ఉన్న నా మీద వచ్చింది.

పుస్తకం తీశాను. రాయొద్దు సార్ అన్నాడు. రాశాను. ఎడమ చీలమండ, లిగమెంట్ బెణుకు, పది రోజులు.

అతను నా చేతిని ఆపలేదు. రాయడం అయ్యేదాకా చూసి, నెమ్మదిగా అన్నాడు:

"మీ బావమరిదికైతే మూడేళ్ళు ఆగారు. నాకు నాలుగు రోజులు ఆగలేకపోయారు."

ఐస్ తీసి ఇవ్వబోతే తీసుకోలేదు. మేజోడు వేసుకుని, బూటు తొడుక్కుని, తాళ్ళు బిగించి కట్టుకున్నాడు. బల్ల దిగాడు. ఆ వాచిన కాలినే ముందు నేల మీద పెట్టి, బరువంతా దాని మీదే మోపి, వరండా చివరిదాకా కుంటకుండా నడిచి వెళ్ళాడు.